పరిశోధన వ్యాసంలోకి గ్రంథచౌర్యం చొరబడకుండా: నోట్సు దశ నుంచే జాగ్రత్తలు

పత్రికకు పంపే ముందు రోజు వ్యాసాన్ని పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్‌లో వేసి, ఇతర రచనలతో సారూప్యత పది శాతం లోపే వచ్చిందని ఊరట చెందే అలవాటు మన విశ్వవిద్యాలయాల్లో పాతుకుపోయింది. కానీ గ్రంథచౌర్యం చాలాసార్లు అంతకు నెలల ముందు, నోట్సు రాసుకునేటప్పుడే మొదలవుతుంది.

గ్రంథం నుంచి ఏ వాక్యాన్ని యథాతథంగా ఎత్తి రాసుకున్నా, అప్పుడే ఉటంకింపు గుర్తులు పెట్టి, రచయిత పేరు, ప్రచురణ సంవత్సరం, పుట సంఖ్య పక్కనే రాయండి. మీ సొంత ఆలోచనలను వేరే ఫైలులో ఉంచండి. ఆరు నెలలు గడిస్తే ఏది ఎవరిదో తేల్చుకోవడం రాసినవారికే కష్టమవుతుంది. ఇతరుల భావాన్ని మీ మాటల్లో చెప్పవలసినప్పుడు మూలాన్ని మూసివేసి, అర్థమైనది రాసి, ఆ తరువాత సరిచూసుకోండి. పుస్తకాన్ని ఎదురుగా పెట్టుకొని మాటకు మాట మార్చుకుంటూ పోతే వాక్యం వారిదిగానే మిగులుతుంది. మాటలు పూర్తిగా మీవే అయినా భావం వారిది కనుక ఆధారం చూపడం తప్పదు.

తెలుగులో రాసేవారు ఇక్కడ మరింత జాగ్రత్తపడాలి. ఇంగ్లీషు వ్యాసంలోని పేరాను అనువదించి, ఆధారం చూపకుండా వాడుకోవడం కూడా చౌర్యమే. సాఫ్ట్‌వేర్ దాన్ని తరచు పట్టుకోలేదు. డిజిటల్ రూపంలోకి రాని పాత తెలుగు గ్రంథాలైతే దాని పోలికకే అందవు. పట్టుబడకపోవడం నిర్దోషిత్వం కాదు.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం 10 శాతం వరకు సారూప్యతకు శిక్ష లేదు. సిద్ధాంత గ్రంథంలో అది 10 శాతం దాటి 40 వరకు ఉంటే ఆరు నెలలకు మించని గడువులో సవరించి సమర్పించాలి. 40 దాటి 60 వరకు ఉంటే ఏడాదిపాటు సవరించిన ప్రతిని సమర్పించే వీలుండదు. 60 దాటితే విద్యార్థి రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. ఆ పది శాతాన్ని అనుమతిగా భావించడం పెద్ద పొరపాటని నా అభిప్రాయం. మొత్తం సారూప్యత నాలుగు శాతమే అయినా, అందులో వ్యాసానికి ప్రాణమైన పట్టిక మరొకరిది కావచ్చు. కాబట్టి సాఫ్ట్‌వేర్ ఇచ్చే నివేదికలో అంకెను కాక, పోలిక ఉందని రంగు పడిన ప్రతి వాక్యాన్నీ చదవండి.

రచయితల పేర్ల విషయం మొదటి సమావేశంలోనే తేల్చుకుని రాతపూర్వకంగా ఉంచుకోవాలి. పదవిని బట్టి పేరు చేర్చడం, పనిచేసిన విద్యార్థి పేరు తప్పించడం రెండూ అన్యాయమే. రెండోది ఒక యువ పరిశోధకుని భవిష్యత్తునే దెబ్బతీస్తుంది. కృత్రిమ మేధను రచయితగా చూపరాదని ప్రచురణ నైతికతా సంస్థ కోప్ 2023లో స్పష్టం చేసింది. వాడితే ఎక్కడ, ఎలా వాడారో వ్యాసంలోనే తెలపాలి.

ఒక వ్యాసాన్ని ఏకకాలంలో రెండు పత్రికలకు పంపకండి. మీ పాత వ్యాసంలోని భాగాన్ని తిరిగి వాడితే ఆ సంగతి పేర్కొనండి. అచ్చయ్యాక తప్పు కనబడితే, ఇతరులు ఎత్తిచూపే వరకు ఆగకుండా సంపాదకునికి మీరే రాసి, తప్పు తీవ్రతను బట్టి సవరణ ప్రకటననో వ్యాస ఉపసంహరణనో కోరండి.