పెన్సిల్వేనియా ప్రచారం: ‘ఓటు మీకే’ అన్నవాళ్ల ఓట్లు ఎక్కడ పోతున్నాయి?

లక్షణం: ఇంటింటి ప్రచారంలో గుమ్మం దగ్గర ‘మీకే’ అన్నవాళ్లు చాలామంది, లెక్కింపులో అంతమంది కనబడరు. వెంటనే ప్రసంగం మార్చాలా, ప్రకటనలు పెంచాలా అని తర్జనభర్జన మొదలవుతుంది. ఆగండి. ముందు మీ వాలంటీర్లు తట్టే ఇళ్ల జాబితా తీయండి.

అమెరికాలోని ఈ రాష్ట్రంలో ఈరీ, నార్తాంప్టన్ కౌంటీలు (మన జిల్లాల్లాంటివి) 2016లో ట్రంప్‌కి, 2020లో బైడెన్‌కి, 2024లో మళ్లీ ట్రంప్‌కి మొగ్గాయి. ఇలాంటి చోట పార్టీ రిజిస్ట్రేషన్ (ఓటరు ఏ పార్టీ పేరుతో నమోదయ్యాడన్నది) చూసి ఇళ్లు ఎంచుకుంటే, ఊగిసలాడే ఓటరు మీ జాబితాలోనే ఉండడు. పోయిన వారం తట్టిన తలుపుల్లో ఇంకా తేల్చుకోనివాళ్లవి ఎన్నో లెక్కపెట్టండి. తక్కువైతే, మెజారిటీ చేతులు మారిన పోలింగ్ ప్రాంతాలకు వాలంటీర్లను మళ్లించండి.

మాట మధ్యలోనే తలుపు మూసుకుంటోందా? మీ వాలంటీర్లు కరపత్రం ముందే చదివేస్తున్నారన్నమాట. ‘ఈ ఏడాది ఇంటి ఖర్చుల్లో మీకు ఏది భారమైంది?’ అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా వినండి. దానికి సంబంధించిన ఒక్క హామీయే చెప్పండి.

దాక్కున్న అసలు కారణం ‘పోస్టులో పంపేశాను’ అనే మాటలో ఉంది. ఆ మాట వినగానే వాలంటీరు పేరు కొట్టేస్తాడు, మళ్లీ ఎవరూ ఫోన్ చేయరు. ఈ రాష్ట్రంలో మెయిల్ బ్యాలెట్‌కు రెండు కవర్లు: బ్యాలెట్ లోపలి కవర్లో, అది బయటి కవర్లో, సంతకం బయటి కవరు మీద. లోపలి కవరు మరిచిపోతే ఆ బ్యాలెట్ లెక్కించకూడదని రాష్ట్ర సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. బయటి కవర్లు విప్పేది పోలింగ్ రోజు ఉదయం 7 తర్వాతే, కాబట్టి తప్పు చాలా ఆలస్యంగా బయటపడుతుంది. కొన్ని కౌంటీలు ముందే పసిగట్టి ఓటరుకు చెబుతాయి, కొన్ని చెప్పవు. 2016లో రాష్ట్రమంతా కలిపి తేడా దాదాపు 44 వేల ఓట్లే. ఇంత తక్కువ తేడాలో ఒక్కో కవరూ లెక్కలోకి వస్తుంది.

ఏం చేయాలి: గుమ్మం దగ్గరే రెండు ఖాళీ కవర్లు చూపించి, ఏది దేంట్లో పెట్టాలో చేతితో చేసి చూపండి. ‘పంపేశాను’ అన్నవాళ్ల పేరు కొట్టేయకండి. రాష్ట్ర వెబ్‌సైట్లో బ్యాలెట్ స్థితి చూసుకోమని చెప్పి, రెండు రోజులకు మళ్లీ ఫోన్ చేయండి. తిరస్కరించినట్టు కనబడితే కౌంటీ ఆఫీసుకు ఫోన్ చేయించండి. సరిదిద్దుకునే వీలు లేకపోతే పోలింగ్ కేంద్రానికి వెళ్లి ప్రొవిజనల్ బ్యాలెట్ (అర్హత సరిచూశాకే లెక్కించే తాత్కాలిక బ్యాలెట్) అడగాలి. లోపలి కవరు మరిచినవాళ్లకు ఆ దారి ఉందని అదే కోర్టు 2024 అక్టోబరులో చెప్పింది. కవరు మీద తేదీ రాయడంపై కేసులు నడిచాయి, ఎందుకైనా మంచిది, రాయించండి.

చివరి వారంలో పోస్టును నమ్మొద్దు. పోలింగ్ రోజు రాత్రి 8 గంటలలోపు కవరు కౌంటీకి చేరాలి, పోస్టు ముద్ర ఉంటే చాలదు. ఓటరే తీసుకెళ్లి ఇవ్వాలి. వైకల్యం ఉన్న ఓటరు ప్రతినిధిని నియమించుకుంటే తప్ప, వాలంటీరు పట్టుకెళ్లకూడదు.

యంత్రాలు తప్పు లెక్కించాయన్న అనుమానాలు, పోస్టర్లు చింపేశారన్న ఫిర్యాదులు పార్టీ లాయరుకు వదిలేయండి. పైవన్నీ చూశాకే వాటి సంగతి.