పెరటి టమాటా సీసాలోకి – మూడో పాఠం: నాలుగు, ఆరు, ఒకటి

మొదటి పాఠంలో సీసాలు, మూతలు చూశాం. రెండో పాఠమంతా పులుపు గురించే సాగింది, కొంచెం విసుగొచ్చే ఉంటుంది. ఈసారి పొయ్యి వెలిగిద్దాం. చేయబోయేది టమాటా, ఉల్లి, మిరప ముక్కలతో సీసాలో నిల్వ ఉంచుకునే సాల్సా. స్పానిష్‌లో ఆ మాటకు సాస్ అనే అర్థం, అంతకుమించి గొప్పదేం లేదు. మాది గిడుగు వారు పిల్లలకు పాఠాలు చెప్పిన పర్లాకిమిడి. ఈ ఊళ్లో కూర్చుని దానికో సంస్కృత సమాసం పుట్టించే ధైర్యం నాకు లేదు, సాల్సా అనే అందాం. మా పొరుగింటి ఒడియా మావుసి మాత్రం మొదటిసారి రుచి చూసి "ఖట్టాయే కదా, బెల్లం వెయ్యడం మర్చిపోయావు" అని తేల్చేసింది. ఖట్టా అంటే ఒడియా వాళ్ల తీపి పులుపు పచ్చడి.

అమెరికాలో వేసవి చివర తోటలో కాయలన్నీ ఒక్కసారి ముంచుకొస్తే ఈ పని పెట్టుకుంటారు. మన వైపు లెక్క వేరు. శీతాకాలం ముందు నాటిన మొక్కలు మాఘ ఫాల్గుణాల్లో విరగకాస్తాయి. ఎండ ముదిరి పగలు 35 డిగ్రీలు దాటాక పూత రాలిపోతుంది, పిందె నిలవదు. అంటే మనకు వేసవి గుమ్మంలోకి వస్తుండగానే సీసాలు నింపుకోవాలి. సంతలో టమాటా ధర పడిపోయి, కొండ మీంచి గంపలు దించిన సవర ఆడవాళ్లు మధ్యాహ్నానికి "ఎంతకో అంతకు పట్టుకుపో" అనే రోజులుంటాయి చూడండి, అవే ఈ పాఠానికి సరైన రోజులు. వాళ్లు తెచ్చే చిన్న నాటుకాయల్లో రసం, గింజ ఎక్కువ. చారుకి వాటికి సాటి లేదు గానీ సాల్సాకి కండ ఉన్న కోలకాయ కావాలి. నాటువే ఉంటే వాటితోనే చెయ్యండి, కొంచెం పలచగా వస్తుంది, అంతే.

పోయిన పాఠంలోంచి ఒక్క ముక్క మళ్లీ చెప్పాలి. గాలి చొరబడని సీసాలో, పులుపు చాలని పదార్థంలో పెరిగే సూక్ష్మజీవి ఒకటుంది, పేరు క్లాస్ట్రీడియం బోటులినం. దాని బీజాలు మరిగే నీళ్లకు చావవు. అది తయారుచేసే విషానికి వాసన ఉండదు, రంగూ మారదు. పీహెచ్ 4.6 కంటే తక్కువగా, అంటే అంతకన్నా పుల్లగా ఉన్నచోట మాత్రం ఆ బీజం మొలకెత్తలేదు. టమాటా సరిగ్గా ఆ గీత దగ్గరే ఊగుతుంటుంది, కొన్ని కాయలు ఇటు, కొన్ని అటు. ఉల్లిపాయ, మిరపకాయ రెండూ గీతకు అవతలివే. అందుకే నిమ్మరసం. అది రుచి కోసం కాదు, కాపలా కోసం.

ఇక కొలత. నాలుగు గ్లాసుల టమాటా ముక్కలకు ఆరు గ్లాసుల ఉల్లి, మిరప ముక్కలు, ఒక గ్లాసు నిమ్మరసం. నాలుగు, ఆరు, ఒకటి. 240 మిల్లీలీటర్ల గ్లాసు ఏదైనా ఒకటి తీసుకుని దాంతోనే అన్నీ కొలవండి. రెండు చెంచాల ఉప్పు వెయ్యండి, చెంచా అంటే 5 మిల్లీలీటర్లది. ఈ లెక్కకు అర లీటరుకు కాస్త తక్కువ పట్టే సీసాలు సుమారు నాలుగు నిండుతాయి. తొక్క, గింజ పోతాయి కాబట్టి టమాటా కిలోన్నర తెచ్చుకోండి.

ఇందులో దేన్ని మార్చొచ్చు, దేన్ని మార్చకూడదు అన్నదే ఈ రోజు అసలు పాఠం. ఆ ఆరు గ్లాసుల్లో ఉల్లి ఎంత, మిరప ఎంత అన్నది మీ ఇష్టం. నేను మూడు గ్లాసుల ఉల్లి, రెండున్నర గ్లాసుల క్యాప్సికం, అర గ్లాసు పచ్చిమిర్చి వేస్తాను. కారం తినేవాళ్లు క్యాప్సికం తగ్గించి మిర్చి పెంచుకోండి. మొత్తం మాత్రం ఆరు దాటకూడదు. ఉప్పు తగ్గించుకోవచ్చు, ఇక్కడ అది రుచికే. జీలకర్ర పొడి, మిరియాల పొడి చిటికెడు పడితే తప్పులేదు. నిమ్మరసం మాత్రం ఒక్క చెంచా కూడా తగ్గించొద్దు. దాని బదులు వెనిగర్ పొయ్యొద్దు. విదేశీ వంటల్లో రాసే వెనిగర్ 5 శాతం పులుపుది, మన కొట్లో దొరికే సీసాలు తిప్పి చూడండి, చాలావాటి మీద 4 శాతం అనే ఉంటుంది. నిమ్మకాయ పిండితే చాలదా అంటారు. కాయకూ కాయకూ పులుపు మారుతుంది కాబట్టి సీసాలో అమ్మే నిమ్మరసమే వాడమని చెబుతున్నాను. చక్కెర, నీళ్లు కలపనిది చూసి కొనండి. షర్బత్ కలుపుకునే స్క్వాష్ పనికిరాదు.

ఇదంతా నేను మొదట్లో వినలేదు. ఆవకాయకు కారం, ఆవపిండి, ఉప్పు చేత్తో ఎత్తి పోసే ఇంట్లో పుట్టినదాన్ని, గ్లాసు పెట్టి ఉల్లిపాయ ముక్కలు కొలవడం నామోషీ అనిపించింది. తరిగినవి మిగిలిపోయాయని మరో రెండు గుప్పిళ్లు వేసేశాను. పెరట్లో కాయలే కదా అని నిమ్మకాయలు పిండేశాను. ఆ రాత్రి కూర్చుని లెక్క చూసుకుంటే నాలుగు సీసాల్లో ఒక్కదాన్నీ నమ్మలేకపోయాను. అన్నీ ఫ్రిజ్‌లో పెట్టి వారంపాటు పొద్దునా రాత్రీ అదే తిన్నాం. అప్పటినుంచి గ్లాసు లేకుండా కత్తిపీట ముందు కూర్చోను.

చేసే రోజు మా పిన్ని సాయానికొచ్చింది. టమాటాలు నాలుగైదేసి మరిగే నీళ్లలో వేసి, తొక్క చిట్లేదాకా, అంటే అర నిమిషం నుంచి నిమిషం లోపు ఉంచి, చన్నీళ్లలోకి తీశాం. తొక్క చేత్తో లాగితే ఊడొస్తుంది. తొడిమ దగ్గర గట్టి భాగం కోసేసి, అడ్డంగా రెండు చెక్కలు చేసి, గింజలు బొటనవేలితో తోసెయ్యండి. కుళ్లు తగిలిన కాయ, మరీ మెత్తబడిన కాయ వద్దు, అవి పచ్చడికి పక్కన పెట్టుకోండి. పచ్చిమిర్చి తరిగేటప్పుడు గ్లవుజులు వేసుకోండి. లేకపోతే కొబ్బరినూనె రాసుకోండి గానీ ఆ చేత్తో కన్ను నలపొద్దు. ముక్కలు శనగగింజంత ఉంటే చాలు.

అన్నీ ఒకే గిన్నెలో పోసి, మంట మధ్యస్థంగా పెట్టి, అడుగంటకుండా కలుపుతూ మరగనివ్వండి. మరుగు వచ్చాక మంట తగ్గించి మరో మూడు నిమిషాలు. అంతే వంట. పిన్ని గిన్నెలోకి వంగి చూసి మూతి తిప్పింది.

"ఏటే ఇది, నూనె చుక్క లేదు, ఆవపిండి లేదు. నిల్వుంటాదేటి?"

"ఉంటుంది పిన్నీ, పులుపుంది కదా."

"ఇంగువ తాలింపేసి పైన నాలుగు వేళ్ల మందం నూనె పొయ్యవే, ఏడాదుంటాది."

పిన్ని మాట ఆవకాయకు నూటికి నూరుపాళ్లు నిజం. అక్కడ మామిడికాయ పులుపు ఉంది, ఉప్పు దండిగా ఉంది, ఆ ఉప్పు నీటిని కట్టిపడేస్తుంది. నూనె పైకి తేలి బూజు రాకుండా అడ్డుపడుతుంది. సాల్సాలో రెండు లీటర్ల సరుక్కి రెండు చెంచాల ఉప్పు. ఇందులో నూనె పోస్తే అది ముక్కకు పూతలా అంటుకుని పులుపును లోపలికి పోనివ్వదు, గాలి తగలని మూల తయారుచేస్తుంది. మనం భయపడే ఆ జీవికి కావలసింది సరిగ్గా అలాంటి మూలే. కాబట్టి తాలింపు సీసా తెరిచిన రోజున. అప్పుడు ఇంగువే వేస్తారో, వెల్లుల్లే వేస్తారో మీ ఇష్టం. కొత్తిమీరా అప్పుడే. చిక్కదనం కోసం మొక్కజొన్న పిండి కలపాలనిపించినా ఆ రోజే కలుపుకోండి, సీసాలోకి మాత్రం పోనివ్వొద్దు.

వంట సాగుతుండగానే పక్క పొయ్యి మీద పెద్ద డేక్సాలో నీళ్లు కాగుతూ ఉండాలి. మాకు నాలుగు సీసాలు నిలబడే డేక్సా గ్యాస్ మీద మరగాలంటే ఒక పూట పడుతుంది, అందుకే పెరట్లో కట్టెల పొయ్యి మీద పెడతాం. అడుగున ఇనుప జల్లెడ గానీ మందపాటి గుడ్డ మడత గానీ వెయ్యండి. సీసా నేరుగా అడుక్కు తగిలితే పగులుతుంది. ఖాళీ సీసాలు ఆ నీళ్లలోనే వేడిగా ఉంచుకోవాలి. వేడి సరుకు వేడి సీసాలోకే పొయ్యాలి.

పైన అర అంగుళం ఖాళీ వదిలి నింపండి. నిండుగా పోస్తే మరిగేటప్పుడు పొంగి మూత కిందికి వస్తుంది, తక్కువ పోస్తే లోపల గాలి మిగిలిపోతుంది. సన్నటి చెక్క పుల్లతో అంచు వెంబడి ఒకసారి తిప్పితే బుడగలు పైకి తేలతాయి, మట్టం దిగితే మరికాస్త పొయ్యండి. ఆ తర్వాత తడిగుడ్డతో సీసా పెదవి తుడవాలి. చిన్న పనే, దీన్నే అందరూ మర్చిపోతారు. ఒక్క ఉల్లి పొర అంటుకున్నా మూత పట్టదు. మూతలో రెండు భాగాలుంటాయి. రేకు బిళ్ల పెట్టి, పైన మర కంకణం వేలి కొసలతో బిగించండి, మణికట్టు బలం వాడొద్దు. లోపలి గాలి బయటికి పోయే సందు ఉండాలి. రేకు బిళ్ల ప్రతిసారీ కొత్తది, కంకణం పాతదైనా ఫరవాలేదు.

సీసాలు డేక్సాలో నిలబెట్టాక మూతల మీద అంగుళం నీళ్లుండాలి. డేక్సా మీద మూత పెట్టి, నీళ్లు గలగలా మరగడం మొదలయ్యాకే గడియారం చూడండి. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ లాంటి పల్లపు ఊళ్లలో 15 నిమిషాలు. సముద్రమట్టానికి 300 మీటర్లు దాటితే నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. కోరాపుట్ 870 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ మరిగే నీళ్లు 97 డిగ్రీలకు అటూ ఇటూ. అటువైపు కొండ ఊళ్లలో ఉన్నవాళ్లు 20 నిమిషాలు ఉంచాలి. మధ్యలో మరుగు ఆగితే మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టండి. ఈ సమయాలు అర లీటరు లోపు సీసాలకే. లీటరు సీసా తేవొద్దు.

కుక్కర్లో మూడు కూతలు పెడితే సరిపోదా అని మా పిన్ని కూతురు అడిగింది. సరిపోదు. పులుపు లేని కూరగాయలకు ఆవిరి ఒత్తిడి కావలసిన మాట నిజమే గానీ, దానికి ఒత్తిడి చూపే ముల్లున్న వేరే పాత్ర ఉంటుంది. ఇంటి కుక్కర్ త్వరగా వేడెక్కి త్వరగా చల్లారుతుంది, ఈ పనికి అది కొలత తప్పిన గ్లాసే. మన సాల్సాకు పులుపు చాలినంత ఉంది కాబట్టి మరిగే నీళ్లు చాలు.

పొయ్యి ఆర్పి, మూత తీసి, ఐదు నిమిషాలు ఆగండి. పట్కారుతో నిటారుగా ఎత్తి మడతపెట్టిన తువ్వాలు మీద పెట్టండి. రెండో విడతలో తొందరపడి ఒక సీసాను వంటింటి గ్రానైట్ గట్టు మీద పెట్టాను. ఠప్పుమని అడుగు ఊడిపోయి, మూడు గంటల పని ఎర్రగా గట్టంతా పారింది. సీసాకూ సీసాకూ మధ్య రెండు వేళ్ల సందు ఉంచి, ఫ్యాన్ గాలి తగలని చోట 12 గంటలైనా కదపకుండా వదిలెయ్యండి. తలకిందులు చెయ్యొద్దు, కంకణం మళ్లీ బిగించొద్దు.

చల్లారుతుంటే లోపలి ఆవిరి ముడుచుకుని రేకు బిళ్లను కిందికి లాగుతుంది, టిక్కుమని చప్పుడు వస్తుంది. పిన్నికి వంటంతటిలోకీ నచ్చింది అదే. మంచం మీద వాలి వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టింది. ఒకటి, రెండు. చాలాసేపటికి మూడు. నాలుగోది రాలేదు. చప్పుడు వినపడకపోయినంత మాత్రాన పట్టలేదని కాదు, మర్నాడు బిళ్ల నడుమ వేలితో నొక్కి చూడాలి. గుంటపడి కదలకుండా ఉంటే పట్టినట్టు. నొక్కితే కిందికి పోయి పైకి లేస్తుంటే పట్టనట్టు. మాది పైకి లేచింది. 24 గంటల లోపు కొత్త బిళ్లతో మళ్లీ మరిగించొచ్చు గానీ ఒక్క సీసా కోసం డేక్సా ఎవరెత్తుతారు, ఫ్రిజ్‌లో పెట్టేశాను. దాన్ని వారంలోపు తినెయ్యాలి. అందులో సగం మావుసి ఇంటికి వెళ్లింది, తిరుగు గిన్నెలో దోసెల్లాంటి వేడివేడి చకులి పిఠాలు వచ్చాయి. మిగతా సగం పిన్ని ఆవాలు, ఇంగువ తాలింపు పెట్టి చద్దన్నంలో నంజుకుంది.

పట్టిన సీసాలకు కంకణం తీసేసి, తుడిచి, తేదీ రాయండి. కంకణం ఉంచేస్తే కింద తుప్పు పడుతుంది, మూత వదులైనా తెలియదు. మన ఎండలకు వంటింటి అటక పనికిరాదు, లోపలి గదిలో చీకటిగా చల్లగా ఉండే కింది అరలో పెట్టండి. ఏడాదిలోపు వాడుకోండి. తెరిచేటప్పుడు బిళ్ల ఉబ్బి ఉన్నా, చిమ్మినా, బూజు కనిపించినా రుచి చూడకుండా పారెయ్యండి.

వచ్చే పాఠానికి ఇంటిపని: నాలుగు, ఆరు, ఒకటి లెక్కలో ఒక్క విడత చేసి, ఎన్ని సీసాలు పట్టాయో, పట్టనిదాని పెదవి మీద ఏం కనిపించిందో చీటీ మీద రాసుకోండి. నాలుగో పాఠంలో ఉల్లి, మిరప లేకుండా ఒట్టి టమాటా ముక్కలు నింపుతాం. అప్పుడు సీసాకు పావు చెంచా నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం, కావాలి, సంతకు వెళ్లినప్పుడు తెచ్చిపెట్టుకోండి.