జియోజీబ్రాలో జవాబు తేడా వస్తే: పదో తరగతి గణితానికి సమస్య - పరిష్కారం

నల్లగొండ నుంచి దేవరకొండ వెళ్లే దారిలో ఒక ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. కంప్యూటర్ గదిలో జియోజీబ్రా (గణిత బొమ్మలు గీసి, లెక్కలు చేసే ప్రోగ్రాం) తెరిచిన ప్రతి ఏడాదీ పిల్లల నుంచి అవే ఫిర్యాదులు వస్తాయి. "సార్, ఇది తప్పు చూపిస్తోంది" అని పిలుస్తారు. వెళ్లి చూస్తే, మనం ఏం చెప్పామో అది అక్షరాలా అదే చేసి ఉంటుంది. అందుకే మౌసు ముట్టుకునే ముందు "దీనికి ఏమని చెప్పావు?" అని అడుగుతాను. ఇక్కడ రాసేవన్నీ పాత కంప్యూటర్లలోనూ నడిచే క్లాసిక్ 5 వెర్షన్‌కు సంబంధించినవి.

తాటిచెట్టు ఎత్తు తేడాగా వస్తోంది

చెట్టు మొదలుకు 20 మీటర్ల దూరంలో నిలబడితే కొన 45° ఊర్ధ్వకోణంలో కనిపిస్తోంది. కాగితం మీద ఎత్తు 20 మీటర్లు. ఇన్‌పుట్ గడిలో 20*ట్యాన్(45) కొడితే 32.4 వస్తోంది.

గుర్తు లేకుండా రాసిన 45ను ప్రోగ్రాం 45 రేడియన్లుగా తీసుకుంటుంది. రేడియన్ అనే మాట పదో తరగతి పిల్లలు విని ఉండరు. కోణాన్ని కొలవడానికి డిగ్రీ కాక ఇంకో కొలత కూడా ఉందని, ఒక పూర్తి చుట్టు సుమారు 6.28 రేడియన్లని చెబితే ఆ పూటకు చాలు. పరిష్కారం: 45 పక్కన ° గుర్తు పెట్టాలి. ఆల్ట్ మీట పట్టుకుని ఇంగ్లిష్ అక్షరం O నొక్కితే ఆ గుర్తు పడుతుంది. సెట్టింగుల్లో కోణాలను డిగ్రీలకు మార్చినంత మాత్రాన ఈ లెక్క బాగుపడదు. అక్కడ మారేది కోణాన్ని చూపించే తీరు మాత్రమే.

ఈ తప్పు విషయంలో నాకు భయం ఎక్కువ. కోణం 30 అని వేస్తే ఎత్తు -128.11 వస్తుంది, చెట్టు భూమిలోకి పెరగదు కాబట్టి వెంటనే పట్టుబడుతుంది. కానీ 32 మీటర్ల తాటిచెట్టు అంటే పిల్లలు నమ్మేస్తారు. కాబట్టి పాఠం మొదలుపెట్టే ముందే సైన్ 30° వేయించండి. 0.5 రావాలి. -0.99 వస్తే డిగ్రీ గుర్తు మరిచారన్నమాట.

కేంద్రం కదిపితే స్పర్శరేఖ విడిపోతోంది

వృత్తానికి బయట పి అనే బిందువు నుంచి స్పర్శరేఖలు గీయాలి. పిల్లవాడు చక్కగానే గీశాడు, రేఖ వృత్తాన్ని తాకుతున్నట్టే ఉంది. బాణం పనిముట్టుతో కేంద్రాన్ని కొంచెం లాగగానే రేఖ ఒకచోట, వృత్తం ఒకచోట.

రేఖను కంటి అంచనాతో వృత్తానికి ఆనించాడు. తాకడం అనే సంబంధాన్ని ప్రోగ్రాంకు చెప్పలేదు. దీన్ని రంగును బట్టి గుర్తుపట్టవచ్చు. స్వేచ్ఛగా పెట్టిన బిందువు నీలంగా ఉంటుంది, వేరే వాటి మీద ఆధారపడి పుట్టిన బిందువు ముదురు బూడిద రంగులో ఉంటుంది. స్పర్శబిందువు నీలంగా ఉందంటే అది ఊరికే పెట్టినదే.

స్పర్శరేఖ పనిముట్టు తీసుకుని బిందువునూ వృత్తాన్నీ నొక్కితే చాలు, అదే రెండు రేఖలూ గీసిపెడుతుంది. నేను మాత్రం దాన్ని మొదట వాడనివ్వను. పాఠ్యపుస్తకంలోని నిర్మాణమే చేయిస్తాను: కేంద్రం ఓ నుంచి పి వరకు రేఖాఖండం, దాని మధ్యబిందువు ఎమ్, ఎమ్ కేంద్రంగా ఓ గుండా పోయే వృత్తం. రెండు వృత్తాల ఖండన బిందువులను ఖండన పనిముట్టుతోనే పెట్టాలి. వాటిని పితో కలిపితే వచ్చేవే స్పర్శరేఖలు. ఎందుకంటే ఓపి వ్యాసమైన అర్ధవృత్తంలోని కోణం 90°, కాబట్టి వ్యాసార్ధం ఆ రేఖకు లంబం. ఇలా గీసిన బొమ్మను ఎటు లాగినా చెదరదు. నోటుపుస్తకంలో స్కేలూ వృత్తలేఖినీ పెట్టి గీసినప్పుడు ఈ పరీక్షకు వీలుండదు. కంప్యూటర్ గదికి పిల్లలను తీసుకెళ్లడానికి నాకు ఇదొక్కటే చాలు.

స్పర్శరేఖలు మాయమయ్యాయి

పైన చెప్పిన బొమ్మలోనే పిని లాగుతూ లాగుతూ వృత్తం లోపలికి తెచ్చారు. రేఖలు పోయాయి. చెరిగిపోయాయని పిల్లలు కంగారుపడి మళ్లీ గీయబోతారు, ఆపండి. లోపలి బిందువు నుంచి స్పర్శరేఖే ఉండదు కదా! ఎడమవైపు ఆల్జీబ్రా కిటికీలో ఆ రేఖలు నిర్వచితం కావన్న సూచనతో అలాగే ఉంటాయి. పిని బయటికి లాగితే తిరిగి వస్తాయి. వర్గ సమీకరణంలో మొదటి గుణకానికి పెట్టిన స్లైడర్‌ను (జరిపితే విలువ మారే గీతను) సున్నాకు తెస్తే పరావలయం సరళరేఖ కావడం కూడా ఇలాంటిదే. మొదటి గుణకం సున్నా కాకూడదని నిర్వచనంలో ఎందుకు రాశారో అక్కడ కంటికి కనిపిస్తుంది.

పైథాగరస్ సిద్ధాంతం సరిపోవడం లేదు

ఒక యూనిట్ భుజం గల చతురస్రానికి కర్ణం 1.41 అని చూపింది. పిల్లలు వర్గం చేస్తే 1.9881 వచ్చింది, 2 రాలేదు. ప్రోగ్రాం లోపల సుమారు 15 అంకెలు దాచుకుని, తెర మీద మొదట్లో రెండు దశాంశ స్థానాలే చూపుతుంది. ఆప్షన్స్‌లో రౌండింగ్‌ను 5 స్థానాలకు మార్చండి. అప్పుడు 1.41421 వస్తుంది, దాని వర్గం 1.99999 దగ్గర ఆగుతుంది. ఎన్ని స్థానాలకు పెంచినా ఆ చిన్న తేడా మిగులుతుంది. కరణీయ సంఖ్యల పాఠం కోసం ఈ ఫిర్యాదును దాచుకోండి.

వృత్తం కోడిగుడ్డులా ఉంది

రెండు అక్షాల స్కేలు వేరువేరుగా సాగింది. ఖాళీ స్థలంలో మౌసు కుడి మీట నొక్కి అక్షాల నిష్పత్తిని 1:1 చేయండి. వాలుల లబ్ధం -1 అయినా రేఖలు లంబంగా కనిపించకపోతే కారణం ఇదే.

బిందువు పెడితే బాణం గుర్తు వస్తోందా? పేరు చిన్న అక్షరంతో రాశారు, అది సదిశ (వెక్టర్) అయింది. పెద్ద అక్షరంతో రాయండి. రేఖ అనుకున్న చోట రాలేదా? బ్రాకెట్లు చూడండి. లవంలో కూడిక ఉంటే దాన్ని బ్రాకెట్‌లో పెట్టకపోతే చివరి పదం ఒక్కటే భాగించబడుతుంది.

అసలు తెరుచుకోవడం లేదు

బ్రౌజర్‌లో తెరిచే వెర్షన్‌కు నెట్ కావాలి. ఉన్న ఒక్క ఫోను హాట్‌స్పాట్ మీద పదిహేను కంప్యూటర్లు నడవవు. క్లాసిక్ 5 ఇన్‌స్టాలర్‌ను ఇంట్లో దించుకుని పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి, ఆ తర్వాత నెట్ అవసరం ఉండదు. వ్యాపారేతర వాడకానికి ఇది ఉచితం. వేసవిలో కరెంటు పోయేది ఎక్కువ కాబట్టి, ప్రతి దశ తర్వాత కంట్రోల్, ఎస్ మీటలు కలిపి నొక్కే అలవాటు మొదటి రోజే చేయించండి. ఫైలు పేరులో పిల్లవాడి రోల్ నంబరు ఉంటే, మరుసటి పీరియడ్‌లో ఎవరి బొమ్మ ఎక్కడ ఆగిందో వెతుక్కోవలసిన పని ఉండదు.