వానలు పడకముందే: ఓసీడీకి హిప్నాసిస్ చేయించుకునేవారికి జాగ్రత్తలు

తొలకరి పడిందంటే మా తమ్ముడికి టెన్షన్ మొదలవుతుంది. నీళ్లు నిలిస్తే రోడ్డు మీద గుంతలు కనపడవు. స్కూటీ చక్రం దబ్బున పడగానే ‘ఎవరినో గుద్దేశానేమో’ అన్న ఆలోచన పట్టుకుంటుంది. మూసాపేట దాటి వచ్చినవాడు యూటర్న్ తీసుకుని, మెట్రో పిల్లర్ నంబర్లు చూసుకుంటూ ఆ గుంత దగ్గరికే వెళ్తాడు. అక్కడ ఎవరూ ఉండరు. ఇంటికొచ్చాక చక్రానికి రక్తం అంటిందేమోనని ఫోన్ టార్చి వేసి చూస్తాడు. ఇదీ ఓసీడీయే, అంటే వద్దన్నా వచ్చే ఆలోచన, దాన్ని పోగొట్టుకోవడానికి చేసిందే మళ్లీ మళ్లీ చేయించే జబ్బు. చేతులు కడుక్కునేవాళ్లకే అది ఉంటుందనుకుని మేం మూడేళ్లు పోగొట్టుకున్నాం.

వానల్లోపు హిప్నాసిస్ చేయిస్తే కుదురుకుంటాడని మేం తొందరపడ్డాం. మీరు ఆ తప్పు చేయకండి.

హిప్నాసిస్ నిద్రా కాదు, మత్తూ కాదు. మనసు ఒకచోట నిలిచి, చెప్పిన మాటను సులువుగా తీసుకునే స్థితి. మాటలన్నీ వినపడుతూనే ఉంటాయి, వద్దనుకుంటే లేచి రావచ్చు. ఆందోళన తగ్గడానికి, భయపడే పనికి సిద్ధపడడానికి సాయపడొచ్చు. ఓసీడీకి అసలు వైద్యం మాత్రం వేరు: భయాన్ని ఎదుర్కొంటూనే, వెనక్కెళ్లి చూడకుండా ఆగడం నేర్పే ఈఆర్‌పీ థెరపీ, అవసరమైతే మందులు. ఓసీడీలో హిప్నాసిస్‌కున్న ఆధారాలు ఎక్కువగా ఒకరిద్దరు రోగుల అనుభవాలు, చిన్న చిన్న అధ్యయనాలే. కాబట్టి దాన్ని వైద్యానికి తోడుగానే ఉంచుకోండి. సిట్టింగులు మొదలయ్యాయని మాత్రలు ఆపొద్దు. ఉన్నట్టుండి ఆపితే తల తిరుగుతుంది, చిరాకు, నిద్రలేమి వస్తాయి. ఓసీడీలో మాత్రల గుణం తెలియడానికే 8 నుంచి 12 వారాలు పడుతుంది. అంటే జూన్ వానల కోసం మే నెలాఖరులో డాక్టర్ దగ్గరికి పరుగెత్తితే సరిపోదు, మార్చిలోనే వెళ్లాలి.

అన్నిటికంటే గట్టిగా చెప్పాల్సింది జ్ఞాపకాల గురించి. మేం మొదట వెళ్లినచోట తమ్ముణ్ణి కళ్లు మూయించి, ‘ఆ సాయంత్రానికి వెళ్లు, రోడ్డు మీద ఎవరున్నారో చూడు’ అన్నారు. వాడికి గొడుగు పట్టుకున్న ఒక ముసలాయన కనిపించాడు. అంతే, పది రోజులు అన్నం సహించలేదు. పేపర్లో యాక్సిడెంట్ వార్తలన్నీ వెతికాడు. హిప్నాసిస్‌లో కనిపించేది జరిగిందే కానక్కర్లేదు. ఊహ కూడా జ్ఞాపకంలాగే గట్టిగా అనిపిస్తుంది. ‘చేశానేమో’ అన్న అనుమానంతోనే నలిగిపోయే మనిషికి ఇది నిప్పు మీద పెట్రోలు. పాత ఘటనలు తవ్వుతామన్నా, గత జన్మలకు తీసుకెళ్తామన్నా అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి.

రెండోది, ఇంట్లో వినమని ఇచ్చే ఆడియో. మావాడు మధ్యలో ఒక్క మాట సరిగా వినపడకపోయినా మొదటి నుంచి మళ్లీ పెట్టేవాడు. వారం తిరిగేసరికి అది విననిదే బండి తీయనన్నాడు. చూడడం తగ్గింది సరే, దాని బదులు వినడం తగులుకుంది. రోజుకు ఒక్కసారి, ఒకే వేళకు, మధ్యలో కుక్క మొరిగినా ఆపకుండా వినాలి. బండి తీసే ముందు మాత్రం వినకూడదు.

చేసేవారు క్లినికల్ సైకాలజిస్టో సైకియాట్రిస్టో అయ్యుండాలి. రిజిస్ట్రేషన్ నంబరు అడగడానికి మొహమాటం వద్దు. ఈఆర్‌పీ తెలుసా అని అడగండి. మూడు సిట్టింగుల్లో పూర్తిగా పోతుందని ప్యాకేజీ డబ్బు ముందే కట్టమంటే కట్టకండి. చెవిలో గొంతులు వినపడడం లాంటివి ఉంటే ముందే చెప్పాలి, అలాంటప్పుడు హిప్నాసిస్ వద్దు. మొదలుపెట్టే ముందు ఓసీడీ ఎంత తీవ్రంగా ఉందో కొలిచే వై-బాక్స్ స్కోరు (మొత్తం 40) రాయించుకోండి. కొన్ని సిట్టింగుల తర్వాత మళ్లీ చూస్తే తేడా ఉందో లేదో తెలిసిపోతుంది.

ఖర్చు భారమైతే హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. ఆ పేరు వినగానే వెక్కిరించేవాళ్లను వదిలేయండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే సిట్టింగు దాకా ఆగకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఏ వేళైనా పలుకుతారు, ఉచితం. ప్రమాదం అనిపిస్తే ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇక ఇంట్లోవాళ్లు. ‘అక్కా, నేనెవర్నీ గుద్దలేదుగా?’ అని తమ్ముడు అడిగితే ఒకప్పుడు ‘లేదురా’ అని పదిసార్లు ఒట్టేసేదాన్ని. పదకొండోసారి మళ్లీ అడిగేవాడు. ఇప్పుడు, వాడి డాక్టర్ చెప్పినట్టే, ‘ఇది ఓసీడీ అడుగుతోంది నాన్నా, జవాబు చెప్పను, నీ పక్కనే ఉంటాను’ అంటున్నాను. రెయిన్‌కోటు నుంచి నీళ్లు కారుతుంటే కాసేపు గుమ్మంలోనే నిలబడి, తర్వాత లోపలికి వస్తాడు.