చిన్నప్పటి కేసు ఉన్న కుర్రాడు అగ్నివీర్‌కి వెళ్లాలంటే

ఇరవై నాలుగేళ్లు ఆర్మీలో క్లర్కు పని చేసి హవల్దారుగా దిగిపోయాను. ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాలో మా ఊరి చెరువు పక్కన పొద్దున్నే, ఆర్మీలో అగ్నివీర్ భర్తీకి వెళ్లే కుర్రాళ్ల చేత 1600 మీటర్లు పరిగెత్తిస్తున్నాను. పరుగు గురించి, బీమ్ (పుల్‌అప్స్) గురించి అందరి ముందే అడుగుతారు. ఈ ఒక్క ప్రశ్న మాత్రం మిగతావాళ్లు వెళ్లిపోయాక, బూటు లేసు సరిచేసుకుంటున్నట్టు కూర్చుని అడుగుతారు. "మాస్టారూ, చిన్నప్పుడు నా మీద ఓ కేసయింది. నేను పనికొస్తానా?"

చాలామంది పనికొస్తారు. ముంచేది చిన్నప్పటి కేసు కాదు, మూసుకోని కేసు. దాని తర్వాత అబద్ధం.

ముందు మీ కేసు ఏ దశలో ఉందో కాగితం మీద చూడండి. "పెద్దమనుషులు రాజీ చేశారు, అయిపోయింది" అని తండ్రులు చెబుతుంటారు. ఊళ్లో రాజీ అయితే ఊళ్లో గొడవ ఆగుతుంది, రికార్డులో కేసు ఆగదు. మా గ్రౌండులో ఒకడికి జరిగింది అదే. పదహారేళ్లప్పుడు జాతర రాత్రి కొట్లాట, అవతలివాడి తలకి నాలుగు కుట్లు. వీడితో పాటు పెద్దవాళ్లు కూడా ఉన్నారు కాబట్టి ఎఫ్‌ఐఆర్ కట్టారు. పిల్లవాడు ఒక్కడే అయితే, నేరం మరీ ఘోరమైనది కాకపోతే, 2016 నాటి కేంద్ర నమూనా నిబంధనల ప్రకారం ఎఫ్‌ఐఆర్ లేకుండా స్టేషన్ జనరల్ డైరీలో రాసుకుని, మైనర్ల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డుకి పంపాలి. వీడు ఆ బోర్డుకి రెండు వాయిదాలు వెళ్లి మానేశాడు. రెండేళ్లు గడిచాయి. వాడి లెక్కలో కేసు లేదు, బోర్డు లెక్కలో ఉంది.

ఇక్కడ 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం తెలుసుకోవాలి. సెక్షన్ 24 ప్రకారం, పద్దెనిమిది నిండకముందు చేసిన తప్పుకి ఈ చట్టం కింద విచారణ జరిగితే, ఆ కారణంగా తర్వాత ఏ అనర్హతా అంటకూడదు. సెక్షన్ 74 ప్రకారం, కేసు నడుస్తున్నా, ముగిసినా దాని వివరాలను క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసం కూడా పోలీసులు బయటపెట్టకూడదు.  కానీ నడుస్తున్న కేసుకి చూపించడానికి ముగింపు ఆర్డరు ఉండదు. అందుకే ఆర్మీ భర్తీ ర్యాలీ నోటిఫికేషన్ కోసం ఎదురుచూడకుండా ముందే బోర్డుకి వెళ్లాలి. గరిష్ఠ శిక్ష మూడేళ్లు దాటని చిన్న నేరమైతే, మొదటిసారి హాజరుపరిచిన రోజు నుంచి నాలుగు నెలల్లో విచారణ ముగియాలి. మరో రెండు నెలలు పొడిగించవచ్చు. అప్పటికీ తేలకపోతే ఆ విచారణ రద్దయినట్టే అని సెక్షన్ 14 చెబుతోంది. కానీ చట్టంలో రద్దయినంత మాత్రాన మన ఫైల్లోకి కాగితం రాదు కదా. దరఖాస్తు పెట్టి రాతపూర్వకంగా ఆర్డరు తీసుకోవాలి. వకీలుకి డబ్బు లేకపోతే 15100కి ఫోన్ చేయండి, న్యాయసేవాధికార సంస్థ సహాయం దొరుకుతుంది. మావాడు అలాగే తెచ్చుకున్నాడు.

ఇంకో రకం ఉంది, ఇది నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది. పదిహేడేళ్లవాడి వయసు స్టేషన్ కాగితాల్లో పంతొమ్మిది అని పడుతుంది. మామూలు కోర్టులో "తప్పు ఒప్పేసుకో, ఫైన్ కట్టి ఇంటికి పోదాం" అంటారు. కుర్రాడు తలూపుతాడు. ఆ ఫైన్‌తో వాడు పెద్దవాడిగా శిక్ష పడినవాడైపోతాడు. ఇలాంటివాళ్లు నిరాశపడొద్దు. ఆ రోజుకి నేను మైనర్‌నని ఏ కోర్టులోనైనా, కేసు పూర్తిగా ముగిశాక కూడా చెప్పుకోవచ్చని సెక్షన్ 9లో ఉంది. దానికి మొదటి ఆధారం స్కూలు జనన తేదీ సర్టిఫికెట్ లేదా పదో తరగతి సర్టిఫికెట్. అది లేకపోతేనే పంచాయతీ, మునిసిపాలిటీ జనన ధ్రువపత్రం. ఆధార్ పట్టుకుని పరిగెత్తకండి.

ఒక మినహాయింపు ఉంది. పదహారు దాటినవాడు, కనీసం ఏడేళ్ల శిక్ష ఉన్న ఘోరమైన నేరంలో, చిల్డ్రన్స్ కోర్టులో పెద్దవాడిగా విచారణ జరిగి దోషిగా తేలితే సెక్షన్ 24 కాపాడదు. అలాంటి కుర్రాడికి నేను ఆశ పెట్టను. వేరే పని చూసుకోమంటాను.

ఇక భర్తీ ఫారం. అగ్నివీర్‌లను తీసుకునే అగ్నిపథ్ పథకానికి వ్యతిరేకంగా 2022 జూన్ 17న సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లో జరిగిన గొడవ తర్వాత, ఆ నిరసనల్లో పాల్గొనలేదని రాసివ్వాలి, పోలీసు వెరిఫికేషన్ లేకుండా ఎవరినీ తీసుకోం అని సైన్యం అధికారులు ప్రకటించారు. అప్పటి నుంచి తల్లిదండ్రులకు ఆ వెరిఫికేషన్ అంటేనే వణుకు. ప్రశ్నను రెండుసార్లు చదవండి. "శిక్ష పడిందా" వేరు, "కేసు పెండింగ్‌లో ఉందా" వేరు, "ఎప్పుడైనా కేసు నమోదైందా" వేరు. జువెనైల్ కేసు అసలు చెప్పనక్కర్లేదని కొందరు వకీళ్లు అంటారు. వాళ్ల మాటలో బలముంది. మైనర్‌గా ఉన్నప్పటి కేసు చూపి కేంద్ర బలగాల్లో సబ్‌ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం ఆపకూడదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా నేను రాయమనే చెబుతాను. ఎన్‌రోల్‌మెంట్ ఫారంలో తెలిసి తప్పు జవాబిస్తే ఆర్మీ చట్టం సెక్షన్ 44 కింద అయిదేళ్ల వరకు జైలు. సుప్రీంకోర్టుకి వెళ్లి గెలిచేలోపు వయసు దాటిపోతుంది. "మైనర్‌గా ఉన్నప్పటి కేసు, బోర్డు ముగించింది, సెక్షన్ 24 వర్తిస్తుంది, ఆర్డరు జతపరిచాను" అని ఒక్క వాక్యం చాలు. కథ రాయొద్దు. సర్పంచ్ ఇచ్చే క్యారెక్టర్ సర్టిఫికెట్ ఆర్డరుకి బదులు కాదు. అది ఎలాగూ అందరూ తేవలసిందే.

పోలీస్ స్టేషన్‌లో మేనేజ్ చేస్తానని వచ్చే బ్రోకర్‌ని గుమ్మం ఎక్కనీయకండి. వాడు తీసుకున్న డబ్బుకి రసీదుండదు, వాడు చెరిపానన్న పేరు చెరగదు.

ఆర్డరు సర్టిఫైడ్ కాపీలు మూడు తీయించండి. రికార్డుని అప్పీలు గడువు దాకా లేదా ఏడేళ్ల దాకా ఉంచి నాశనం చేస్తారు. తర్వాత కావాలంటే దొరక్కపోవచ్చు. ఒకటి ఫైల్లో, ఒకటి కుర్రాడి పెట్టెలో. మూడోది ఇంట్లో అమ్మ దగ్గర ఉండాలి. వెరిఫికేషన్‌కి కానిస్టేబుల్ వచ్చేసరికి కుర్రాడు ట్రైనింగ్ సెంటర్‌లో ఉండొచ్చు. తలుపు తీసేది ఆవిడే.