పుస్తకం సరిపోతుందో లేదో వేళ్ల మీదే తేల్చొచ్చు
వేసవి సెలవులకని పిల్లల పుస్తకాల కోసం బెంగళూరు చర్చ్ స్ట్రీట్‌కెళ్లి అట్ట చూసి కొనేస్తాం, ఇంటికొచ్చాక పిల్లలు రెండు పేజీలు తిప్పి పక్కన పడేస్తారు. కొనేముందు మధ్యలో ఒక పేజీ తీసి బయటికి చదివించండి, అర్థం తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవాలి. రెండు మూడు వేళ్లయితే సరిపోతుంది, ఒక్కటీ ముడవకపోతే మరీ తేలిక, ఐదూ ముడుచుకుంటే మాత్రం అది రాత్రి అమ్మమ్మో తాతయ్యో చదివి వినిపించాల్సిన పుస్తకం, అలా అయితే హాయిగా కొనండి, ఇంటిల్లిపాదీ వింటారు. ఉచితంగా కావాలంటే మన బెంగళూరు ప్రథమ్ బుక్స్ వాళ్ల వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో తెలుగు కథలు 1 నుంచి 4 స్థాయిలుగా ఉన్నాయి.

ఒకటే జాగ్రత్త. బడిలో తెలుగు లేక 'ఉత్సాహం' లాంటి ఒత్తుల దగ్గర ఆగిపోయే పిల్లలకి ఈ లెక్క తప్పుతుంది, మనం పలికితే అర్థమైన మాటకి వేలు ముడవొద్దు.