ఇంటింటా చెత్త వేరు చేయించడం ఎలా?

కావలసినవి: రీసైక్లింగ్ డబ్బా, దానికో మూత, తలుపులకు తగిలించే చీటీలు, లెక్క రాసుకునే పుస్తకం. అంతే. ర్యాలీలూ ఉపన్యాసాలూ అక్కర్లేదు.

డబ్బా మామూలు చెత్తబుట్టను ఆనుకునే ఉండాలి. మూతకు సీసా పట్టేంత గుండ్రటి కన్నం, కాగితాలకు సన్నటి చీలిక పెట్టించండి. 2009లో వెలువడిన ఒక అధ్యయనంలో ఇలాంటి మూతలు పెట్టాక పానీయాల సీసాలు, క్యాన్ల రీసైక్లింగ్ 34 శాతం పెరిగింది. వేరే చెత్త కలవడం 95 శాతం తగ్గింది. రంగులు మీ ఇష్టం, మూత లేని డబ్బా మాత్రం వద్దే వద్దు.

అందరూ చెడగొట్టేది చీటీ దగ్గరే. "మన వీధిలో ఎవరూ చెత్త వేరు చేయడం లేదు, సిగ్గుచేటు" అని రాసి తగిలిస్తారు. చదివినవాళ్లకు సిగ్గు వేయదు సరికదా, "ఎవరూ చేయనప్పుడు నాకెందుకు?" అనిపిస్తుంది. అమెరికాలో అరిజోనాలోని పెట్రిఫైడ్ ఫారెస్ట్ పార్కులో మనస్తత్వవేత్త రాబర్ట్ చియాల్డిని బృందం ఇది పరీక్షించి చూసింది. చాలామంది శిలాజ కలప (రాయిగా మారిన పాతకాలపు చెట్ల ముక్కలు) ఎత్తుకెళ్తున్నారని బోర్డు పెట్టిన చోట దాదాపు 8 శాతం ముక్కలు పోయాయి. తీయవద్దని మాత్రమే రాసిన చోట పోయినవి 2 శాతం లోపే.

కాబట్టి చేస్తున్నవాళ్ల లెక్కే రాయాలి. "పోయిన వారం మీ వీధిలో 40 ఇళ్లకు 26 ఇళ్లవాళ్లు వేరు చేసి ఇచ్చారు" అని ఆ వీధి తలుపులకే తగిలించండి. ఊరు మొత్తం లెక్క ఎవరికీ పట్టదు. కాలిఫోర్నియాలోని లా వెర్న్ ఊళ్లో మనస్తత్వవేత్త వెస్లీ షుల్ట్జ్ చేసిన ప్రయోగం ఫలితాలు 1999లో వచ్చాయి. అక్కడ వట్టి విజ్ఞప్తితో పెద్ద మార్పేమీ రాలేదు, లెక్క చూపించిన ఇళ్లలో రీసైక్లింగ్ పెరిగింది.

మరి 40కి 9 ఇళ్లే చేస్తుంటే? అంకె పెంచి రాయకండి, ఇరుగుపొరుగు ఇట్టే పట్టేస్తారు. "పోయిన నెల 5, ఈ నెల 9" అని పెరుగుదల రాయండి. చేయనివాళ్ల పేర్లు మాత్రం ఎక్కించకండి. పరువు పోయిందనుకున్న ఇంటివాళ్లు పంతానికి పోతారు, వాళ్లను మళ్లీ దారికి తేవడం మీ తరం కాదు.

బహుమతులిస్తే త్వరగా వింటారని కొందరంటారు. నేను ఒప్పుకోను. ఇవ్వడం ఆపిన వారమే డబ్బాలు ఖాళీ అవుతాయి.

చీటీ వారం వారం మార్చండి, పాత అంకె వేలాడుతుంటే ఎవరూ తలెత్తి చూడరు.